ఊరందరి బట్టీ

బట్టీ అక్క అంటే ఊళ్ళో చిన్నపిల్లలక్కూడా తెలుసు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఆమెకు ఉంది గానీ, దాన్ని వాడేది బ్యాంకువాళ్ళూ, కోపం వచ్చినప్పుడు అత్తగారూ మాత్రమే. మిగతా అందరికీ, ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళకు కూడా, ఆమె అక్కే. మునిసిపాలిటీ ఒక పాత బస్సు షెడ్డును కళాభవనంగా మార్చింది. అందులో వెనకవైపు గదిలో మట్టిపని తరగతి నడుస్తుంది. ఆ గదిని ఆనుకుని, ఒకప్పుడు టైర్లు పడేసుకునే కొట్టులో, మనిషెత్తు గ్యాస్ బట్టీ ఉంది. ఊళ్ళో ఎవరు మట్టితో గిన్నె చేసినా, బొమ్మ చేసినా అది కాలేది ఆ బట్టీలోనే. దాన్ని పేర్చడం, వెలిగించడం, చల్లారేదాకా కనిపెట్టుకుని ఉండటం అక్క ఉద్యోగం.

ఆ భవనంలో ప్రశాంతత కావాలంటే బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకోవాల్సిందే. పైన డాన్సు క్లాసువాళ్ళు అడుగు వేసినప్పుడల్లా కప్పు సున్నం రాలి తడి మట్టిలో పడుతుంది. పక్కగదిలో పాట నేర్చుకునేవాళ్ళు ఒకే ముక్కను పట్టుకుని వారమంతా సాగదీస్తారు. ఇంత గోలకీ నేర్చుకునేవాళ్ళు పైసా కట్టక్కర్లేదు. మాస్టర్ల జీతాలు, మట్టి, రంగులు, గ్యాసు, అన్నీ ఊరి ఖర్చే. ఏటా బడ్జెట్ సమావేశంలో ఒక కౌన్సిలర్ లేచి, "చెంబులు చేసుకోడానికి ఊరి డబ్బు దేనికండీ?" అని అడుగుతాడు. ఆయన భార్య బుధవారం క్లాసులో చేసిన చెంబులు అలమరలు నిండిపోయి మెట్ల మీదికి దిగాయని సభలో అందరికీ తెలుసు. అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు, పద్దు పాసైపోతుంది.

అక్క ఇక్కడికి కళ మీద మోజుతో వచ్చిందనుకుంటే పొరబాటు. అత్తగారు తరిమితే వచ్చింది. అప్పట్లో ఆమె ఆసుపత్రి లాండ్రీలో పని చేసేది. పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఆవిర్లలో నిలబడి దుప్పట్లు ఉతకడం, ఆరేయడం, ఎదురుగా ఇంకొకరు నిలబడితే చెరో కొసా పట్టుకుని మడతపెట్టడం. ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకునేవి కావు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది, సర్దిన అల్మరాలే మళ్ళీ సర్దేది. ఆ చప్పుళ్ళతో అత్తగారికి టీవీ సీరియల్లో ఒక్క మాటా వినపడేది కాదు.

"అమ్మా తల్లీ, నీకో దండం. మునిసిపాలిటీవాళ్ళు సాయంత్రాలు మట్టిపని నేర్పుతారట. డబ్బులేం అక్కర్లేదట. వెళ్ళి ఆ మట్టిని పిసుకు, నా ప్రాణం పిసక్కు!" అందావిడ.

మొగుడు నీటి మీటర్లు చూసే ఉద్యోగి, ఇంట్లో నోరు మెదపని మనిషి. ఆ రోజు మాత్రం, "అమ్మ చెప్పింది విను," అని తల్లి పక్కన చేరాడు. అతనూ సీరియల్ చూస్తాడన్న సంగతి అక్కకు ఆ రోజే తెలిసింది.

అలా వచ్చిన మనిషి మొదటి రోజు మట్టిలో చెయ్యి పెట్టి ఇక తీయలేదు. లాండ్రీ సబ్బుకు పగిలిపోయిన వేళ్ళకు చల్లటి మట్టి ఎంత హాయిగా ఉందో! నేర్పే టీచరమ్మ సన్నగా పొడుగ్గా ఉండేది, మాటలు తక్కువ. ఎవరి పక్కనన్నా నిలబడి, "ఊఁ," అందంటే బాగుందని. "ఊహూఁ," అందంటే ముద్దచేసి మళ్ళీ మొదలుపెట్టాలి. అక్క చాలాకాలం ఊహూఁలే తిన్నది. ఒకరోజు ఆమె చేసిన గిన్నెను టీచరమ్మ వెలుతురుకు ఎత్తి చూసి "ఊఁ" అనేసరికి, అక్క ఇంటికి నడిచి వెళ్ళిందో గాల్లో వెళ్ళిందో ఆమెకే తెలియదు.

అన్నీ ఊరికే ఇస్తున్నారన్న సంగతి మాత్రం ఆమెకు మనసులో ముల్లులా గుచ్చుకునేది. ఊరి మట్టి, ఊరి గ్యాసు. నా బోటిదాని కోసం ఇంత ఖర్చా అని. అందుకే బల్లల మీద మిగిలిపోయిన మట్టి ముక్కలు ఎవరూ చూడకుండా ఏరి, తడిగుడ్డలో చుట్టి దాచేది. అలా పోగైన మట్టితో ఒక పెద్ద జాడీ చేసింది. ఊరి మట్టి రవ్వంత కూడా వృథా కాకూడదని ఆమె ఆరాటం.

ఆ గదిలో మట్టి రెండు రకాలు. తెల్లమట్టి ఎంత మంటకైనా తట్టుకుంటుంది. ఎర్రమట్టి తక్కువ సెగకే కాలిపోతుంది. దాన్ని తెల్లమట్టి సెగలో పెడితే కరిగి పాకంలా కారుతుంది. తడిగా ఉన్నప్పుడు తేడా కనిపిస్తుంది. పైన పూత పూశాక ఏది ఏమిటో చేసినవాళ్ళకే తెలియాలి. అందుకే రెంటినీ కలపకూడదు, ఎర్రమట్టి వస్తువులను వేరే రోజు కాల్చాలి. ఆ ముక్క చెప్పిన రోజు అక్కకు లాండ్రీలో రాత్రి డ్యూటీ పడింది.

బట్టీ తెరిచిన రోజు అందరూ మూగారు. అక్క జాడీ జాడీగా లేదు. గోధుమరంగు పాకమై పై అర మీంచి కిందికి దిగి, దారిలో ఉన్నవాటినన్నిటినీ కౌగిలించుకుని గట్టిపడిపోయింది. కింద అరల నిండా టీచరమ్మ గిన్నెలే.

"ఈ జాడీ ఎవరిది?" అంది టీచరమ్మ.

"నాదేనండీ..."

"ఏ మట్టి?"

"అన్నీ కలిపానండీ. మిగిలినవి పారేస్తున్నారని... ఊరి మట్టి కదా, పాడైపోతుందని..."

టీచరమ్మ కాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచి, గోడకు తగిలించిన ఉలి తీసి అక్క చేతిలో పెట్టి, తనూ ఒకటి తీసుకుంది. ఇద్దరూ కూర్చుని ఆ అరలను గీకారు. అక్క కళ్ళనీళ్ళు ఆగట్లేదు. గీకడం అయ్యాక టీచరమ్మ అంది:

"చెడగొట్టినవాళ్ళే పేర్చాలి. ఇక్కడి పద్ధతి అది. వచ్చే బట్టీ నువ్వు పేరుస్తావు."

"నేనా? మరి మీ గిన్నెలు..."

"పోతే పోయాయి. మళ్ళీ చేసుకుంటాలే."

అక్క ఆ మాట నమ్మింది. పోయినవి గిన్నెలే కదా, చెయ్యి తిరిగిన మనిషికి అదెంత పని అనుకుంది. భయంభయంగా తర్వాతి బట్టీ పేర్చింది, ఆ పైదీ పేర్చింది. ఏ వస్తువును ఎక్కడ పెడితే మంట దాని చుట్టూ తిరుగుతుందో చేతులకు తెలిసిపోయింది. ముసలి బట్టీ కాపరి మానేసినప్పుడు టీచరమ్మ వెళ్ళి మునిసిపాలిటీలో గట్టిగా చెప్పడంతో ఆ ఉద్యోగం అక్కకు వచ్చింది. లాండ్రీ వదిలేసింది. అప్పటికి ఆమెకు ముప్పై కూడా నిండలేదు. ఇప్పుడు రిటైరయ్యే వయసు దగ్గరపడింది.

ఇన్నేళ్ళలోనూ ఆ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు. పూత చిక్కగా పూసి పక్కవాళ్ళ వస్తువులకు అంటించిన పిల్లలు, గాలి బుడగ వదిలేసి బట్టీలో పేల్చిన పెద్దలు, అందరూ మరుసటి బట్టీ పేర్చినవాళ్ళే. తాతల నాటి ఆచారం అనుకుంటూ కొత్తగా వచ్చినవాళ్ళకు పాతవాళ్ళు చెప్పేవారు.

పోయినేడు అక్క జీవితంలో పెద్ద ముచ్చటొకటి జరిగింది. ఊళ్ళో కొత్త ఆసుపత్రి కడుతున్నారు. ప్రభుత్వ భవనం ఏది కట్టినా ఖర్చులో కొంత వాటా తీసి, ఊరి కళాకారుల చేత ఏదైనా చేయించి అక్కడ పెట్టాలని మునిసిపాలిటీ నియమం. రోగులు వేచి ఉండే హాల్లో గోడ నిండా పలకలు అతికించాలని, అవి బట్టీ అక్క చేయాలని ఎంపిక సంఘం తేల్చింది. ఇన్నాళ్ళూ అందరివీ కాల్చిన మనిషికి తనదంటూ ఒక పని దొరకడం అదే మొదలు.

ఆ కబురు తెచ్చిన కాగితంలో "కళాకారిణి" అని ఉంది. అత్తగారికి ఎనభై దాటాయి, చెవులు మందగించాయి గానీ నోరు మందగించలేదు. "ఏమిటీ, కళాకారిణా? నా టీవీ పుణ్యమే అదంతా," అంది.

ఏం చేయాలా అని అక్క పెద్దగా ఆలోచించలేదు. లాండ్రీ దొడ్లో ఆరేసిన దుప్పట్లు గాలికి ఊగడం ఆమెకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది. గోడ నిండా అవే చేద్దామనుకుంది. తెల్లటి దుప్పట్లు, వాటి మడతలు, మడతల్లో లేత నీలం నీడలు. భయపడుతూ కూర్చున్నవాళ్ళకు చూసుకోడానికి ఉతికిన బట్టలంత శుభ్రమైనది ఉంటే బాగుంటుందని ఆమె ఉద్దేశం. నెలల తరబడి పలకలు పరిచింది, చెక్కింది, ఆరబెట్టింది, పూత పూసింది. చివరి బట్టీ పేర్చిన సాయంత్రం నడుం పట్టేసినా నవ్వుకుంటూ ఇంటికెళ్ళింది. కింద అరలన్నీ పలకలే. పై అరలో కొంత చోటు కావాలనే వదిలింది, మంట తిరగడానికి.

ఇప్పుడు క్యాషియర్ గారి గురించి చెప్పాలి. బ్యాంకులో జీవితమంతా ఊరి డబ్బు లెక్కపెట్టి రిటైరైన పెద్దమనిషి. క్లాసులో చేరి ఏడాదైంది. అక్కకంటే పెద్దవాడే, అయినా అందరిలాగే అక్కా అంటాడు. అందరికంటే ముందొచ్చి గది ఊడ్చి, పంపులు కట్టేశారో లేదో చూసి, వెలుగుతున్న దీపాలు ఆర్పేస్తాడు. వృథా అంటే ఆయనకు ఒళ్ళు మంట. ఆ మర్నాడు పొద్దున్నే వచ్చి, బట్టీ తలుపు ఓరగా ఉండటం చూసి తొంగిచూశాడు. పై అరలో ఖాళీ! ఇంత గ్యాసు మండించి, ఇంత చోటు ఊరికే వదిలేస్తారా? ఆయన చేసిన ఎర్రమట్టి పూలకుండీ ఎప్పట్నుంచో తన వంతు కోసం కాచుకుని ఉంది. కొంచెం ఎక్కువ సెగ తగిలితే ఇంకాస్త గట్టిపడుతుందిలే అనుకున్నాడు. పెట్టాడు. సాయం చేసినట్టు ఉంటుందని తలుపు బిగించాడు కూడా. తర్వాత అక్క వచ్చి, తలుపు రాత్రి తనే బిగించానేమో అనుకుని వెలిగించింది.

బట్టీ చల్లారాక తలుపు తీసిన అక్కకు కాసేపు ఏం చూస్తున్నదో అర్థం కాలేదు. తెల్లటి దుప్పట్ల మీద గోధుమరంగు పాకం. ఒక అర నుంచి ఇంకో అరకు, వాటి నుంచి కిందికి. పలకకు పలక అతుక్కుపోయింది. గోడకు నడిమి వరుసలు కావాల్సినవి మొత్తం పోయాయి.

"అక్కా... అది నాదే," అన్నాడు క్యాషియర్ గారు వెనక నుంచి. "ఖాళీగా ఉందని... గ్యాసు వృథా అవుతుందని..."

అక్క వెనక్కి తిరిగింది. ఆమె మొహం చూసి క్లాసంతా గోడకు అతుక్కుపోయింది. "వృథానా?" అంది. "నా ఏడాది కష్టం వృథా కాలేదూ? ఎవరు పెట్టమన్నారండీ మిమ్మల్ని? ఎవర్నడిగి పెట్టారు? రేపట్నుంచి ఈ గడప తొక్కకండి!"

క్యాషియర్ గారు చేతిలో ఉన్న చీపురు జాగ్రత్తగా మూలన ఆనించి వెళ్ళిపోయాడు.

ఎవరో చిన్నగా గుర్తుచేశారు. "అక్కా, పద్ధతి ప్రకారం ఆయన చేత..."

"పద్ధతీ లేదు గిద్ధతీ లేదు!"

ఇంటికెళ్తే అత్తగారు అడుగుతుంది, చెప్పాలి, చెబితే ఏడుపొస్తుంది. అందుకని అక్క టీచరమ్మ దగ్గరికి వెళ్ళింది. మందుల షాపు మీద రెండు గదుల్లో ఉంటుంది టీచరమ్మ. మోకాళ్ళు సహకరించక మెట్లు దిగడం బాగా తగ్గించేసింది. అక్క నెలకోసారైనా వస్తూనే ఉంటుంది గానీ, ఇలా ఊపిరాడకుండా ఎప్పుడూ రాలేదు. నిలబడే అంతా చెప్పేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

"ఆయన్ని చూస్తే కొట్టేద్దామనిపించింది టీచర్ గారూ. నాకింత కోపం ఉందని నాకే తెలీదు."

"ఊఁ," అంది టీచరమ్మ.

"మీకు కోపం రాలేదుగా ఆ రోజు. మీ గిన్నెలు పోయినా నన్నొక్క మాటనలేదు. నేనే ఇలా తయారయ్యాను."

టీచరమ్మ ఆమెను వింతగా చూసింది. "కోపం రాలేదని ఎవరు చెప్పారే నీకు? ఇంటికొచ్చి మూడు రోజులు నిన్ను తిట్టని తిట్టు లేదు. గోడలకు నోరుంటే అవే చెబుతాయి. అవి రాజధానిలో ప్రదర్శనకు చేసిన గిన్నెలు. మొదటిసారి పిలిచారు నన్ను. రెండేళ్ళు చేశాను."

"మరి... మళ్ళీ చేసుకుంటానన్నారు?" అంది అక్క.

"చేశాను. మరుసటేడు వాళ్ళు పిలవలేదు. ఆ తర్వాతా పిలవలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు మళ్ళీ బట్టీ ముట్టుకునేదానివా?"

గాలికి బాల్కనీ తలుపు కొంచెం కదిలింది గానీ మూసుకోలేదు. దానికి అడ్డంగా ఏదో రాయి ఉంది. అక్క ఎన్నోసార్లు ఆ రాయిని దాటుకుని బాల్కనీలోకి వెళ్ళి బట్టలు తీసుకొచ్చింది, ఏనాడూ సరిగ్గా చూడలేదు. ఇప్పుడు చూస్తే అది రాయి కాదు. గోధుమరంగు పాకంలో సగం మునిగిపోయిన నీలం గిన్నె. అక్క వంగి చేత్తో తడిమింది. అంచు ఎంత పల్చగా ఉందో! అలాంటి గిన్నె తను ఈనాటికీ చేయలేదు.

"దీన్నెందుకు ఉంచుకున్నారు టీచర్ గారూ? చూసినప్పుడల్లా బాధ కదా."

"బాధే. ఇప్పటికీ బాధే. అయినా పారేస్తే ఎలా? గాలికి తలుపు కొట్టుకుంటుంది."

అక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మరి ఆ పద్ధతి లేకపోతే మీరూ నన్ను గెంటేసేవారేగా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"ఏ పద్ధతి?"

"అదే, చెడగొట్టినవాళ్ళే పేర్చాలన్నది."

టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "పిచ్చిపిల్లా, అలాంటి పద్ధతేం లేదే! అప్పటికప్పుడు పుట్టించాను. నోరు తెరిస్తే తిట్టేస్తానేమోనని భయమేసి, ఏదో ఒకటి అనాలి కదాని అనేశాను. అదే నా సొంత బట్టీ అయితే నిన్ను వీధి చివరిదాకా తరిమేదాన్ని. కానీ అది ఊరి బట్టీ. నా జీతం ఊరిది, నా గిన్నెలకు మండిన గ్యాసూ ఊరిదే. నాకు ఎంత హక్కుందో నీకూ అంతే ఉంది. నేర్చుకోడానికి వచ్చినదాన్ని తప్పు చేసిందని పొమ్మనడానికి నేనెవర్ని?"

ముప్పై ఏళ్ళుగా తను తిన్న తిండి, కట్టిన ఇల్లు, చేతికొచ్చిన విద్య, అన్నిటి అడుగునా ఈ మనిషి మింగేసిన కోపం ఉందని అక్కకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ టీచరమ్మ మంచిదని మాత్రమే అనుకుంది. ఆ మంచితనానికి ఆవిడ ఏం చెల్లించిందో ఈ రోజు తన పలకలు పోతే గానీ తెలియలేదు. దండం పెడదామని వంగితే, "లే లే, మోకాళ్ళు నీకూ అరుగుతాయి," అని ఆవిడ లేపేసింది.

అక్కడి నుంచి అక్క నేరుగా క్యాషియర్ గారింటికి వెళ్ళి తలుపు కొట్టింది. ఆయన తలుపు తీసి, తిట్లు ఇంకా మిగిలున్నాయేమోనని తలదించుకుని నిలబడ్డాడు.

"రేపు పొద్దున్నే రండి. అరలు గీకాలి," అంది. "పలకలు మళ్ళీ చేస్తాను. అవి మీరు పేర్చాలి."

"నేనా? వద్దక్కా! నా చేతులు వణుకుతాయి."

"వణకనివ్వండి. ఇక్కడి పద్ధతి అది."

గోడ పనికి డబ్బిచ్చే మునిసిపాలిటీ కళానిధి ఆఫీసులోని అమ్మాయి సంగతంతా విని, ఆసుపత్రికి మంచాలు వచ్చేదాకా గడువిచ్చింది. అంతకుమించి తన చేతుల్లో లేదని, అప్పటికీ పలకలు రాకపోతే గోడకు సున్నం వేసేస్తారని చెప్పింది. అంటే బట్టీ ఒక్కసారే. అదీ చెడితే ఇక అంతే. ఆ కొద్ది రోజులూ వెనకగది సంత అయిపోయింది. బడిపిల్లలు మట్టి తొక్కారు. కౌన్సిలర్ భార్య పలకలు పరిచింది. డాన్సువాళ్ళు సున్నం రాలకుండా మునివేళ్ళ మీద ఆడారు. మడతలు మాత్రం అక్క ఒక్కతే చెక్కింది.

పేర్చే రోజు క్యాషియర్ గారు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అక్క మొదటి పలక అందించింది. ఆయన పట్టుకున్నాడు, అక్క మాత్రం వదల్లేదు. ఇద్దరూ ఒక దుప్పటి మడతపెట్టేవాళ్ళలా చెరో పక్కా పట్టుకుని నిలబడ్డారు. ఆమె లోపల్నుంచి కోపం మళ్ళీ లేచింది. ఆ రోజు టీచరమ్మకు కూడా ఇలాగే లేచి ఉంటుంది అనుకుంది. వేళ్ళు వదులు చేసింది.

ఆయన ఒక్కొక్కటే పేర్చాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. పై అర దాకా వచ్చి ఆగాడు. "ఇక్కడ... ఖాళీ వదలాలి కదక్కా?"

"వదలాలి."

"వృథా కాదుగా?"

"కాదండీ. అది మంటకి."

మంచాలు వచ్చే ముందురోజు గోడ పూర్తయింది. దుప్పట్లు ఒక్క మచ్చ లేకుండా వచ్చాయి. ఆసుపత్రి తెరిచిన రోజు టీచరమ్మను చక్రాల కుర్చీలో తీసుకొచ్చి గోడ ముందు కూర్చోబెట్టారు. ఆవిడ ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, అక్క వైపు తిరిగి "ఊఁ" అంది. అత్తగారు పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ, "మా కోడలే. నేనే పంపించా మట్టి పిసకమని," అని చెప్పుకుంటూ కూర్చుంది. ఆవిడకు వినపడదు కాబట్టి హాలంతటికీ వినపడింది.

ఇప్పుడు మీరు కళాభవనం వెనకగదికి వెళ్తే, తలుపుకు అడ్డంగా ఒక ముద్ద కనిపిస్తుంది. పూలకుండీ పాకంలో ఇరుక్కున్న తెల్ల పలకలు, వాటి మీద దుప్పటి మడత ఒకటి. గది ఊడ్చినప్పుడల్లా క్యాషియర్ గారు దాని దగ్గర ఆగిపోతాడు.

"అక్కా, దీన్ని పారేయొచ్చు కదా. చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుంటోంది."

అక్క బట్టీ లోంచి తల బయటపెట్టకుండానే జవాబు చెబుతుంది.

"పారేస్తే ఎలాగండీ? గాలికి తలుపు కొట్టుకుంటుంది."